పిన్ని చదవని చిప్పులు

మా ఇంటి కింద భాగమంతా నాన్న కొట్టు. పాత కంప్యూటర్లు, మూతపడ్డ ఫ్యాక్టరీల యంత్రాల బోర్డులు టోకున కొని, వాటిల్లోంచి పనికొచ్చే చిప్పులు ఊడదీసి అమ్మడం ఆయన వ్యాపారం. చిప్పులు అన్న మాట మొదటిసారి విన్నప్పుడు మా నాయనమ్మ, "ఇలాంటి వ్యాపారం చేస్తే ఆఖరికి చేతికొచ్చేది చిప్పేరా నాయనా" అందట. నాన్న ఆ మాట కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పి నవ్వించేవాడు. చిప్ప చేతికి రాలేదు మరి, కొట్టు మీద రెండంతస్తులు లేచాయి. అవి లేవడానికి సగం కారణం మా పిన్ని.

పిన్ని అంటే మా బాబాయి భార్య. ఇరవై రెండేళ్లప్పుడు ఆ ఇంటికొచ్చింది. ఇంటర్ దాకా చదివింది. కొత్తలో ఒకరోజు బాబాయికి టీ ఇవ్వడానికి కిందికి దిగి, అక్కడ గంపలో పోసి ఉన్న చిప్పుల్లోంచి ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ అంకెలేంటండీ?" అని అడిగింది. బాబాయికి తెలీదు. నాన్నకీ తెలీదు. పైన పెద్ద అక్షరాల్లో ఉన్న నంబరు చూసి అమ్మేయడమే వాళ్ల పని. కింద చిన్నగా ఉన్న అంకెల జోలికి ఎవరూ వెళ్లలేదు.

పిన్ని వెళ్లింది. నెల రోజులపాటు మధ్యాహ్నాలు వంట పనయ్యాక గంప ముందు కూర్చుని చిన్న అంకెలన్నీ ఒక నోటుబుక్కులో రాసింది. ఒకరోజు నాన్నతో, తలుపు పక్కన నిలబడి, "బావగారూ, నాలుగంకెలుంటే చివరి రెండూ యాభై మూడు దాటట్లేదండీ. ఏడాదికున్న వారాలు కూడా యాభై రెండో మూడో కదా. మొదటి రెండూ ఏడాదేమో" అంది. నాన్న రెండు వందల చిప్పులు ముందేసుకుని చూశాడు. ఒక్కటీ దాటలేదు. ఎనభై ఏడు నలభై ఒకటి అని ఉంటే, ఎనభై ఏడో సంవత్సరం నలభై ఒకటో వారంలో తయారైందన్నమాట. ఈ సంగతి లోకంలో చాలామందికి తెలుసని తర్వాత తెలిసింది. కానీ పిన్నికి ఎవరూ చెప్పలేదు, తనంతట తనే పట్టుకుంది.

ఆ తర్వాత అడుగున ఉండే గుర్తులు చదవడం నేర్చుకుంది. చిప్పు లోపల గోరంత ముక్క ఒక దేశంలో తయారవుతుంది, దాన్ని నల్ల డొప్పలో పెట్టి మూసి కాళ్లు అతికించేది ఇంకో దేశంలో. "పుట్టిల్లు ఒకటి, మెట్టినిల్లు ఒకటి, నాలాగే" అని నవ్వేది. పైన కంపెనీ బొమ్మ పక్కన ఉండే సంవత్సరం చూసి అందరూ అదే తయారైన ఏడాది అనుకుంటారు. కాదు, అది నమూనా గీసిన ఏడాది. అదే నమూనాతో పదేళ్ల తర్వాత కూడా చిప్పులు చేసేవాళ్లు. ఇలాంటివన్నీ నోటుబుక్కుల్లోకి ఎక్కాయి. చూసిన ప్రతి చిప్పుకీ ఒక వరస. నాకు ఊహ తెలిసేసరికి ఆరు నోటుబుక్కులు నిండాయి.

పాత కంప్యూటర్లు సేకరించేవాళ్లు దూరదేశాల్లో ఉంటారు. ఒక ప్రాసెసర్ మొట్టమొదటి ఏడాదిదా పదో ఏడాదిదా అన్నది వాళ్లకి ప్రాణంతో సమానం. ఇంకోరకం కొనుగోలుదార్లు కూడా ఉన్నారు, ముప్ఫై ఏళ్ల నాటి యంత్రాలు ఇంకా నడుపుతున్నవాళ్లు. లేత్ మిషన్లు, ఎక్స్‌రే మిషన్లు, లిఫ్టులు. వాటికి పాత చిప్పే కావాలి, కొత్తది పనికిరాదు. ఎవరికి అమ్మినా నాన్న చిప్పుతోపాటు ఒక కాగితం పంపేవాడు. ఎవరు చేశారు, ఎక్కడ మూశారు, ఏ ఏడాది ఏ వారం, ఎంత వేడికి తట్టుకునే రకం, అన్నీ రాసి కింద పిన్ని సంతకం. ఆ కాగితముంటే ఇంకెవరూ అనుమానించేవాళ్లు కాదు. బజార్లో అందరూ తనని భూతద్దంగారు అనేవాళ్లు.

భూతద్దంగారు కూర్చునే గది ఒకప్పటి స్టోరు. కిటికీ లేదు. దుమ్ము పడకూడదని ఎగ్జాస్ట్ ఫ్యాన్ కోసం కొట్టిన కన్నానికి కూడా అట్టముక్క అంటించారు. బల్ల, బల్ల మీద దీపం, స్టాండుకి బిగించిన భూతద్దం, దూది, స్పిరిట్ సీసా. గది తలుపు నాన్న గల్లాపెట్టె వెనక తెరుచుకుంటుంది. పిన్ని బయటికి రావాలంటే నాన్న తన కుర్చీ ముందుకి జరపాలి. "బావగారూ, కొంచెం" అనేది లోపల్నించి. ఎవరైనా వచ్చి మాట్లాడుతుంటే ఆయన జరిగేవాడు కాదు. పిన్ని తలుపు అవతల నిలబడి ఉండేది. ఇరవై మూడేళ్లు అలాగే.

తనకి ఉత్తరాలు రాసే మనిషి ఒకాయన ఉండేవాడు. చిప్పులు మూసే ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు పనిచేసి దిగిపోయిన ముసలాయన. పిన్ని రాసిన కాగితం ఒకటి ఆయన చేతికి చిక్కింది. "ఈ అక్షరం మా రెండో షెడ్డుదని మీకెలా తెలిసింది? మాలోనే సగంమందికి తెలీదు" అని రాశాడు. అప్పట్నించి నెలకో ఉత్తరం, ఈమెయిల్లో. ఇంగ్లీషులో టైపు చేసేది నేను. అప్పటికి నేను బళ్లో లెక్కల టీచర్ని, అదే ఇంట్లో ఉండేదాన్ని. సాయంత్రం కొట్టు కంప్యూటర్ ముందు కూర్చుంటే పిన్ని పక్కన నిలబడి తెలుగులో చెప్పేది. ఆయన ఉత్తరాలు చదివి వినిపిస్తుంటే చెయ్యి గడ్డం కింద పెట్టుకుని వినేది. డొప్పలు పోసే అచ్చుల నంబర్లు, షెడ్ల పేర్లు, వర్షానికి కరెంటు పోయి ఒక వారం చిప్పులన్నీ పాడైపోయిన కథ. ఇంకెవరైనా అయితే నిద్రపోతారు.

ఆ ముసలాయన తన గురించి చెప్పగా ఒక కాలేజీవాళ్లు పిన్నికి రాశారు. పాత కంప్యూటర్ల ప్రదర్శన పెడుతున్నారట, ఆర్నెల్లు వచ్చి ఉండి ప్రతి చిప్పుకీ పుట్టుపూర్వోత్తరాలు రాసిపెట్టాలి, ఉండడానికి గది ఇస్తారు. పిన్ని ఆ ఉత్తరం నాచేత మూడుసార్లు చదివించుకుంది. రాత్రి భోజనాల దగ్గర బాబాయి ఆ మాట కదిపాడు. నాన్న కూర కలుపుకుంటూ, "మంచిదే. అయితే ఆర్నెల్లు కొట్టు మూసేద్దామంటావా?" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే. బాబాయి కంచంలోకి చూస్తూ, "అన్నయ్య అన్నదీ నిజమే కదా" అన్నాడు. మర్నాడు పిన్ని నాకు ఒకే ఒక్క వాక్యం చెప్పి టైపు చెయ్యమంది. ఇంట్లో వీలుపడదు, క్షమించండి.

అది జరిగిన ఏడాదికి ప్లాస్టిక్ గొట్టాల్లో పేర్చిన చిప్పులు ముప్ఫై ఒకటి వచ్చాయి. నలభై కాళ్ల రకం, లిఫ్టు బోర్డుల్లో వాడేవి. అన్నీ నిగనిగలాడుతున్నాయి, అన్నిటి మీదా ఒకే వారం. పిన్ని వాటిని తిరగేసింది. అడుగున మూడు వేర్వేరు దేశాల పేర్లున్నాయి. ఒకే వారం ఒకే లాటులో చేసినవి మూడు దేశాల్లో ఎలా మూస్తారు? స్పిరిట్ దూదితో గట్టిగా రుద్దింది, అంకెలు పోలేదు. ఇంకేదో ద్రావకం తెప్పించి రుద్దితే దూది నల్లబడింది. పాత చిప్పుల్ని గరుకు కాగితంతో అరగదీసి, పైన నల్ల పూత పూసి, కొత్త నంబర్లు అచ్చువేశారు. మామూలు రకాన్ని వేడికి తట్టుకునే రకంగా మార్చేశారు.

"బావగారూ, ఇవి వద్దండీ. వీటికి నేను సంతకం పెట్టను" అంది. ఆ ఇంట్లో పిన్ని నాన్నతో వద్దు అనడం నేను వినడం అదే మొదలు.

నాన్న చిప్పు పట్టుకుని కాసేపు చూశాడు. "సరేలే, తిప్పి పంపిద్దాం" అన్నాడు. పిన్ని ఆ సాయంత్రం ముసలాయనకి ఉత్తరం చెప్తూ ఎప్పుడూ లేనంత హుషారుగా ఉంది. "నన్ను వినిపించుకున్నారు అని రాయవే" అంది.

రెండేళ్లు గడిచాయి. ఒక ఎండాకాలం పొద్దున్నే లిఫ్టు మెకానిక్ వచ్చాడు. మా కొట్టుకి పాత ఖాతాదారే, ఊళ్లో సగం పాత లిఫ్టుల్ని అతని కంపెనీయే చూస్తుంది. ఆరోజు ఆదివారం, నాన్న పెళ్లికి వెళ్లాడు, కొట్టులో బాబాయి ఉన్నాడు. మెకానిక్ ఆయన్ని పలకరించకుండా నేరుగా గది తలుపు దగ్గరికొచ్చి, "అక్కా, ఇది చూడండి" అని ఒక చిప్పూ దాని కాగితమూ బల్లమీద పెట్టాడు. నేను లోపల పిన్ని పక్కనే ఉన్నాను.

"మొన్న మధ్యాహ్నం అయిదో అంతస్తు కింద లిఫ్టు ఆగిపోయింది. లోపల ఒక బాలింత, చేతిలో పసిబిడ్డ. డాబా మీద యంత్రం గది పొయ్యిలా కాలిపోతోంది. నేను అక్కడికి చేరి తలుపు తెరిచేసరికి మూడు గంటలు పట్టిందక్కా. ఆవిడ బిడ్డని నేలమీద పడుకోబెట్టి, తలుపు సందు దగ్గర బోర్లా పడుకుని బిడ్డ మొహం మీదికి నోటితో గాలి ఊదుతోంది. ఇద్దరూ బతికారు. ఇది వేడికి తట్టుకునే రకమని మీరు రాసిచ్చారు."

పిన్ని చిప్పు తిరగేసింది. ఆ నలుపు చూడగానే తనకి తెలిసిపోయింది. నేను చూడలేదు గానీ తన ముఖం చూశాను. తర్వాత కాగితం తీసుకుంది. దాన్ని కూడా చిప్పుని చూసినట్టే భూతద్దం కింద పెట్టింది. సంతకం తనదే. చాలాసేపు చూసింది.

"ఇలాంటి కాగితాలు మీ దగ్గర ఎన్నున్నాయి?" అని అడిగింది.

"మీ కొట్టు నుంచి కొన్నవన్నీ ఫైల్లో ఉన్నాయి. ఏ లిఫ్టులో ఏది పెట్టామో కూడా రాసుంది. ఎందుకక్కా?"

"రెండు మూడు రోజులాగండి. నేనే వస్తాను."

మెకానిక్ వెళ్లాక పిన్ని తలుపు మూసింది. "ఇది కలంతో పెట్టింది కాదు. చూడు" అని నాకు చూపించింది. కలంతో రాస్తే గీత మొదట్లో ఒక మందం, చివర్లో ఒక మందం ఉంటుంది. ఇది అంతటా ఒకటే మందం. మూడో అక్షరం కొమ్ములో వెంట్రుకంత తెగుడు. సంతకానికి రబ్బరు స్టాంపు చేయించారు.

బాబాయిని పిలిచింది. ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. కాగితం చూపించి ఇదేంటని అడిగింది. బాబాయి కాగితం వైపు కూడా చూడలేదు.

"వెయ్యమన్నాడు, వేశాను" అన్నాడు.

"ఎవరు?"

"ఇంకెవరు."

"మీరు వేశారా? మీ చేత్తో?"

"పార్సిళ్లు కట్టేది నేనే కదా."

కొట్టులో ఎవరో పిలిస్తే బాబాయి వెళ్లిపోయాడు.

సాయంత్రం నాన్న వచ్చాక మేడమీద హాల్లో జరిగింది మాట్లాడుకోవడమూ కాదు, పోట్లాటా కాదు. నాన్న గొంతు పెంచే మనిషి కాదు. పిన్ని నిలబడే, "పసిబిడ్డండీ" అంది.

"బతికారుగా" అన్నాడు నాన్న. తర్వాత చెప్పులు విప్పి గోడపక్కన సర్దుకుంటూ, "నీకంత బాధగా ఉంటే వెళ్లి స్టేషన్లో చెప్పు, నేనొద్దనను. నీ సంతకం దొంగిలించారని చెప్పు. స్టాంపు ఎవరిదని అడుగుతారు, కొట్టుదని చెప్పు. వేసిన చెయ్యి ఎవరిదని అడుగుతారు, అది కూడా నువ్వే చెప్పు. నా చెయ్యి ఆ కాగితాల మీద ఎక్కడా లేదు" అన్నాడు.

అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. బాబాయి బాల్కనీలో వీధిలోకి చూస్తున్నాడు. ఆయన చెవులు ఎర్రబడటం నాకు కనిపించింది. నాన్నని నేను ఒక్క మాట అడగలేకపోయాను. ముప్ఫై ఏళ్లొచ్చాయి, బళ్లో ఎనభై మంది పిల్లల్ని అదుపులో పెడతాను.

మూడు రోజులు పిన్ని మామూలుగానే కిందికి దిగింది, గదిలో కూర్చుంది. చిప్పులు ముట్టుకోలేదు. మధ్యాహ్నం నేను బడి నుంచి తొందరగా వస్తే ఒకసారి అంది: "ఊళ్లో ఎన్ని లిఫ్టులున్నాయో. ఒక్కోదాంట్లో ఎవరెక్కుతున్నారో. నేను చెప్తే ఈయన జైలుకి పోతాడు. చెప్పకపోతే మళ్లీ ఎవరో ఇరుక్కుంటారు. ఎటు తిరిగినా గోడే కనిపిస్తోందే."

"బాబాయి తనే వెళ్లి చెప్పొచ్చు కదా" అన్నాను.

"ఆయనా? అన్నగారిని అడక్కుండా చొక్కా కూడా కొనుక్కోడు" అంది. నవ్వబోయి ఆగిపోయింది.

నాలుగో రోజు సెలవు పెట్టి తనతో నేను కూడా వెళ్లాను. మెకానిక్ ఆఫీసు ఒక అపార్టుమెంటు సెల్లార్లో, తీగల చుట్టలూ గ్రీజు డబ్బాలూ మధ్య రెండు కుర్చీలు. అతను ఫైలు తెచ్చి పెట్టాడు. పిన్ని కాగితాలన్నీ విడదీసి నేలమీద తారీఖుల వరసలో పరిచింది. తన సంచిలోంచి చేతి భూతద్దం తీసి మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటీ చదవడం మొదలుపెట్టింది. నలభై నిమిషాలు పట్టింది. మొదటి స్టాంపు కాగితం దగ్గర ఆగింది. ఆ తారీఖు నాకు గుర్తుంది. పిన్ని నేను సంతకం పెట్టను అన్న రోజుకి సరిగ్గా తొమ్మిది రోజుల తర్వాత. నన్ను వినిపించుకున్నారు అని నేను టైపు చేసిన ఉత్తరం అప్పటికి ముసలాయనకి చేరిపోయి వారం అయ్యుంటుంది.

కాగితాలు రెండు కట్టలయ్యాయి. చిన్న కట్టలో ముప్ఫై ఒకటి. పిన్ని దాన్ని మెకానిక్ చేతికిచ్చింది.

"ఈ చిప్పులన్నీ ఇవాళే తీసేయించండి. ఒక్కటి కూడా ఉంచొద్దు. వీటిని నేను తప్పు చదివాను."

మెకానిక్ ఆ కట్ట వైపూ పెద్ద కట్ట వైపూ చూశాడు. "ముప్ఫై ఒకటీ మీరే తప్పు చదివారా?"

"సంతకం నాదే కదా. తప్పూ నాదే. కళ్లు కొంచెం... ఈమధ్య ఆనట్లేదు."

అతను రెండు కాగితాలు తీసి పక్కపక్కన పట్టుకున్నాడు. లిఫ్టులు బాగుచేసేవాడికి కళ్లుండవా? "అక్కా, పెద్ద కట్టలో కాగితాల్లో చిప్పు అడుగున ఉన్న గుర్తు ఏంటో కూడా రాస్తారు మీరు. వీటిల్లో ఆ గడి ఖాళీగా ఉంది" అన్నాడు నెమ్మదిగా.

పిన్ని భూతద్దం గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంటోంది. అతను ఆ రెండు కాగితాలూ కట్టల్లో పెట్టేసి, "సరే. నాకు కావాల్సింది లిస్టు. వచ్చింది" అన్నాడు. ఫోను తీసి మనుషుల్ని పిలవడం మొదలుపెట్టాడు. చిప్పులు దొరికేదాకా పద్నాలుగు భవనాల్లో లిఫ్టులు ఆపేశారు, రెండు వారాలు జనం మెట్లెక్కారు. తిట్లన్నీ అతనే పడ్డాడు. అతని పై ఆఫీసుకి వెళ్లిన రిపోర్టులో ధ్రువీకరించిన వ్యక్తి పొరపాటు అని రాశాడు. ఆ కాపీ ఒకటి మా కొట్టుకీ వచ్చింది.

నాన్న అది చదివి పిన్నిని పిలిచాడు. ఏమంటాడోనని నేను మెట్లమీదే నిలబడ్డాను. "మంచి పని చేశావమ్మా" అన్నాడు. అంతే. పిన్ని కదల్లేదు. "బావగారూ, ఆ స్టాంపు నాకివ్వండి" అంది. నాన్న సొరుగు లాగి తీసిచ్చాడు. అగ్గిపెట్టంత ఉంది. పిన్ని బాబాయి పార్సిళ్లు కట్టే బల్ల దగ్గరికి నడిచి, ఆయన బ్లేడు తీసుకుని, ఆయన చూస్తుండగానే రబ్బరుని ముక్కలు ముక్కలుగా కోసింది. "ఇంకోటి చేయిస్తే వెయ్యనని చెప్పండి" అంది. బాబాయి, "చెప్తాను" అన్నాడు. చెప్పాడో లేదో నాకు తెలీదు. స్టాంపు మాత్రం మళ్లీ కనబడలేదు.

కానీ పిన్ని ఆడిన అబద్ధం నాన్నకి బాగా పనికొచ్చింది. వచ్చినవాళ్లందరికీ, "మా మరదలికి చూపు మందగించిందండీ పాపం, అందుకే అలా జరిగింది" అని చెప్పేవాడు. వాళ్లు జాలిపడేవాళ్లు. ఆయనే కళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. దగ్గరి చూపుకీ దూరపు చూపుకీ ఏ లోపమూ లేదన్నాడు డాక్టర్. అయినా అద్దాలు చేయించాడు నాన్న, ఉత్త గాజువి. "ఎవరైనా వచ్చినప్పుడు పెట్టుకోమ్మా" అన్నాడు. పెట్టుకునేది. భూతద్దంగారు అనడం మానేసి జనం పాపం అనడం మొదలుపెట్టారు. తన కాగితం అడిగేవాళ్లు లేరు. చిప్పులు ఇప్పుడు వాటిల్లో ఉండే రవ్వంత బంగారం తీసే వాళ్లకి కిలోల లెక్కన గోతాల్లో పోతాయి. గోతాల్లోకి పోసే ముందు పిన్ని వాటిని రకాలవారీగా ఏరాలి. అదే గది, అదే బల్ల.

ముసలాయనకి ఏం రాయాలన్నది మిగిలింది. ఆయనకి ఎవరో చెప్పారు, అడుగుతూ రాశాడు. పిన్ని వారం రోజులు ఆలోచించి, "నేనే తప్పు చదివానని రాయి" అంది. నా చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. "ఆయనకైనా నిజం చెప్దాం పిన్నీ" అన్నాను. "ఆయన తిరిగి రాస్తాడు, ఎవరు వేశారని అడుగుతాడు. మీ నాన్న ఆ కంప్యూటర్లో చూస్తాడు. వద్దు, రాసేయ్" అంది. రాశాను. మా నాన్న చేసిన పనిని పిన్ని పేరుతో, నా చేత్తో.

ఆయన ఎప్పుడూ రాసేదానికి రెండింతలు రాశాడు. తను కూడా ఒకసారి ఒక పూట సరుకుకి తప్పు వారం అచ్చువేయించానని, వయసు మీద పడితే అందరికీ కళ్లే ముందు మోసం చేస్తాయని, మంచి దీపం కొనుక్కోమని, దిగులుపడొద్దని. నేను తెలుగులో చదివి వినిపిస్తుంటే పిన్ని మధ్యలో లేచి వెళ్లి మొహం కడుక్కుని వచ్చింది. ఏడవడం అప్పుడే చూశాను. స్టాంపు సంగతి బయటపడిన రోజు కూడా ఏడవలేదు తను.

మరుసటి ఏడాది నేను ఆ ఇంట్లోంచి బయటికొచ్చేశాను. బడి దగ్గర ఒక గదీ వంటిల్లూ అద్దెకి తీసుకున్నాను. రమ్మంటే పిన్ని రాలేదు. "నేనొస్తే మీ బాబాయికి అన్నం ఎవరు పెడతారు? ఆయన మీద కోపం లేదనుకోకు, ఉంది. ఉన్నా పెట్టాలి" అంది.

ఆదివారాలు మాత్రం నన్ను చూసే వంకతో వస్తుంది. ఆ సంగతి మెకానిక్‌కి నేనే చెప్పాను. అతను కొత్తగా కొన్న చిప్పులు ఒక డబ్బాలో తెచ్చి నా వంటింటి కిటికీ గట్టుమీద పెడతాడు. పిన్ని అద్దాలు తీసి సంచిలో పడేసి, ఎండకి ఎదురుగా నిలబడి ఒక్కొక్కటీ తిప్పి చదువుతుంది. ఇది ఎనభై తొమ్మిది, పదో వారం. ఇది మంచిది. ఇది పారేయండి. అతను రాసుకుంటాడు. కాగితం లేదు, సంతకం లేదు. పోయినవారం ఒక చిప్పు దగ్గర చాలాసేపు ఆగి, అడుగున గుర్తు నాకు చూపించి, "ఈ షెడ్డు నేనెప్పుడూ చూళ్లేదే" అంది. ఆ ముఖం చూసి మెకానిక్ కూడా నవ్వాడు.

గంటన్నర ఉంటుంది. ఆ తర్వాత గోడ గడియారం చూసి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, అద్దాలు పెట్టుకుని బయల్దేరుతుంది. అంతకంటే ఆలస్యమైతే ఎక్కడికెళ్లావని కింద కొట్టులో అడుగుతారట.